సగం పాలికి ఫ్రిజ్జు

ఆషాఢంలోనే గోదారి లంక మీదికెక్కిన వరద ఒకటుంది. ఇది దాని మరుసటి వేసవిలో జరిగింది. మా లంకలో ఏళ్ళకి అంకెలు పెట్టం. ఫలానా వరదకి పుట్టాడు, ఫలానా వరదకి పెళ్ళయింది అంటాం. వరద రాని ఏడాదిని ముందు వరదకో వెనక వరదకో తగిలించి చెప్పుకుంటాం.

ఆ వరద మా చెల్లెలి కూతురు వీరవేణి కొట్టు పట్టుకుపోయింది. కొట్టంటే రేవులో గోదారి దాటించే పంటు ఆగేచోట నాలుగు కర్రలు, పైన తాటాకు, కింద ఐసుపెట్టె. మజ్జిగ, నిమ్మసోడా అమ్ముకుంటుంది. నీళ్ళు తీశాక కర్రలు దొరికాయి, ఐసుపెట్టె దొరకలేదు. టౌన్లో కొన్న ఐసుని గోనెసంచిలో చుట్టి పంటు మీద తెస్తే, ఇవతలి ఒడ్డుకి వచ్చేసరికి సంచి మిగిలేది. వేసవిలో మజ్జిగ చల్లగా లేకపోతే పంటు దిగినవాడు ఆగడు. దాని మొగుడు పంటు మీద తాళ్ళు వేస్తాడు. వానాకాలం పంటు ఆగితే ఆ జీతమూ ఆగుతుంది. వేసవిలో కొట్టు నడిస్తేనే వానాకాలం పొయ్యి వెలుగుతుంది. అందుకని వీరవేణికి ఫ్రిజ్జు కావాలి. సంగతి ఇంతే. మిగతాదంతా కంపెనీవాళ్ళు కలిపింది.

కంపెనీ పేరు సుఖసదన్. టీవీలు, ఫ్రిజ్జులు, ఫోన్లు అద్దెకీ వాయిదాలకీ ఇస్తారు. అప్పటికే లంకలో చాలా ఇళ్ళల్లో వాళ్ళ సామాను ఉంది. వీరవేణి కబురు చేస్తే సుమంత్ అనే ఏజెంటు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో పలకలాంటి ట్యాబు. రేవులో కొట్టు వెనకే ఉన్న వాళ్ళింటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి చెప్పాడు. ఫ్రిజ్జుకి యజమాని సంస్థే. ఉండేది మీ ఇంట్లో, వాడుకునేది మీరు. నెలనెలా అద్దె కడుతూ పోతే మూడేళ్ళకి మీ సొంతమవుతుంది.

వీరవేణి అత్తగారు మంగాయమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"మేతెవరిది?"

సుమంత్‌కి అర్థం కాలేదు. కరెంటు సంగతి అడుగుతోందని వీరవేణి చెప్పింది.

"కరెంటు మీదేనండి."

"జబ్బు చేస్తే?"

"రిపేరు మాదేనండి."

"మరింకేంటి. సగం పాలికి మేపడమే కదా."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా లంకలో గేదె కొనే స్తోమత లేనివాడు, ఉన్నవాడి గేదెని తెచ్చుకుని మేపుతాడు. మేత, చాకిరీ ఇతనివి. రోగమొస్తే మందు ఆయనది. పాడిలో సగం, దూడల్లో సగం. కాగితాలుండవు, ఒక సాక్షి ఉంటాడు. సాక్షికి ఎక్కువ మాట్లాడనివాణ్ణి చూసుకుంటారు, మాట మార్చాలంటే ముందు మాటంటూ ఉండాలి కాబట్టి. అలా లంకలో పాలికిచ్చిన గేదెల్లో చాలావాటికి నేనే సాక్షిని.

సుమంత్‌కి నెలాఖరు లోపల ఇంకో ఫ్రిజ్జు అంటగట్టాల్సిన అవసరం ఉన్నట్టుంది. "అలాంటిదేనండి" అన్నాడు. అతని కాగితంలోనూ సాక్షి అని ఒక గడి ఉంది. వీరవేణి నావైపు చూసింది. సంతకం పెట్టాను.

నెల తిరిగాక సుమంత్ అద్దెకి వచ్చాడు. వీరవేణి డబ్బు తీసి సిద్ధంగానే పెట్టుకుంది. మంగాయమ్మ పెట్టనివ్వలేదు. పాలికి తెచ్చినదానికి పైన అద్దేమిటని కోడల్ని కసిరి, లోపలికెళ్ళి స్టీలు క్యారేజీలో ఐసుముక్కలు వేసుకొచ్చి అతని ముందు పెట్టింది. ఇవాళ దిగినదాంట్లో సగం ఇదీ అంది. డబ్బే కావాలని అతను చాలాసేపు చెప్పాడు. ఆవిడ అతన్ని వదిలేసి, అరుగు చివర కూర్చున్న నావైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీరు సాక్షి. అలాంటిదే అన్నాడా లేదా?"

తల ఊపాను. అన్నాడు కదా మరి.

సుమంత్ ట్యాబు తీసి చూశాడు. అద్దె ఏ రూపంలో ముట్టింది అని అందులో అడుగుతుందట. నగదు, కార్డు, ఫోను, ఆ కింద ఇతర రూపం. అతను ఆ ఆఖరిది నొక్కి, ఐసు అని రాశాడు. ఎన్ని అని అడిగింది. ముక్కలు లెక్కపెట్టి వేశాడు. మీ చెల్లింపు అందినది, ధన్యవాదాలు అని వచ్చింది. ట్యాబు ధన్యవాదాలు చెప్పాక ఇంకేం చేస్తాడు, క్యారేజీ పుచ్చుకుని పంటెక్కాడు.

సరిగ్గా ఆ రోజుల్లో కంపెనీ హెడ్డాఫీసుకి ఒక కొత్త ఊపు వచ్చింది. ఇకమీదట బాకీదారు అనకూడదు, భాగస్వామి అనాలి. ప్రతి బ్రాంచీ ఒక్క భాగస్వామినైనా చూపించాలి. టౌను బ్రాంచి మేనేజరు మార్కండేయులుగారు అలాంటివాడి కోసం వెతుక్కుంటూ ఉండగా, కంప్యూటర్లో ఐసు కనబడింది. మూడో రోజుకల్లా ఆయన కోటు వేసుకుని మా రేవులో దిగాడు. వైశాఖమాసపు ఎండ. కోటు విప్పమని మంగాయమ్మ రెండుసార్లు చెప్పింది. హోదా అని ఊరుకున్నాడు.

"అమ్మా, తమరు కేవలం చెల్లింపుదారులు కారు. క్షేత్రస్థాయి భాగస్వాములు. సదరు ఫ్రిజ్జు ఫలసాయంలో సంస్థకు వాటా సమర్పించడం ద్వారా తమరు సంస్థ దార్శనికతను సంస్థకంటే ముందుగా గ్రహించారు."

"ఆ క్యారేజీ తెచ్చారా?" అని అడిగింది మంగాయమ్మ.

క్యారేజీ హెడ్డాఫీసుకి వెళ్ళిందట, గాజు బీరువాలో పెట్టడానికి.

ఆయన రోజంతా అరుగు మీదే కూర్చున్నాడు. పాలికి మేపే పద్ధతులన్నీ మంగాయమ్మని అడిగి రాసుకున్నాడు. పాలెప్పుడు పంచుకుంటారు, దూడ ఎవరిది, పశువు గొడ్డుపోతే ఏం చేస్తారు, మేకల మందైతే ఎలా. ఆవిడకి అంత శ్రద్ధగా వినేవాడు జన్మలో దొరకలేదు. అడిగినదానికల్లా చెప్పి, అడగనివి కూడా కొన్ని చెప్పింది. అదంతా హెడ్డాఫీసు అట్టవేసి అచ్చు కొట్టించింది. సహపోషణ విధానం అని పేరు. లంకలో కంపెనీ సామాను ఉన్న ప్రతి ఇంటికీ అది వర్తిస్తుందన్నారు. అద్దెలు, వాయిదాలు రద్దు. వచ్చే ఫలసాయంలో సగం కంపెనీకి. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను గాని పైకి తెలిసి ఉండదు.

లంకలోనే అబ్బులు అనే అతని ఇంట్లో టీవీ ఉంది. టీవీకి ఫలసాయం చూడటం. అందులో సగం కంపెనీది కాబట్టి, రోజూ సాయంత్రం వీక్షణ వాటాల అధికారి అని ఒకాయన పంటు మీద వచ్చేవాడు. సీరియల్లో మొదటి సగం ఇంటివాళ్ళది. మధ్యలో సబ్బుల ప్రకటనలు వచ్చేసరికి ఇంటిల్లిపాదీ లేచి అరుగు మీదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసేవారు. మిగతా సగం ఆయన ఒక్కడే చూసేవాడు. బయటికి రాగానే అబ్బులు పెళ్ళాం ఎదురెళ్ళేది.

"అత్త ఆ పిల్లకి విషం పెట్టిందా లేదా, అదొక్కటి చెప్పండి బాబూ."

"మన్నించాలమ్మా. రెండో సగంలోని సమాచారం సంస్థ ఆస్తి."

ఆవిడ కొన్నాళ్ళు ఓపిక పట్టింది. తర్వాత కోడిగుడ్ల పులుసు పెట్టడం మొదలెట్టింది. ఆయన తింటూ తింటూ పెట్టింది గాని పిల్ల తాగలేదు అన్నంతవరకు చెప్పాడట. ఆ సంగతి టౌనుదాకా పోయి, సంస్థ ఆస్తిని పులుసు నిమిత్తం అన్యాక్రాంతం చేశాడని ఆయన్ని మార్చేశారు. తర్వాత వచ్చినాయన పులుసు తినడు. అబ్బులు పెళ్ళాం ఇప్పటికీ ఆయన పేరెత్తదు.

బట్టలుతికే మిషనున్న ఇంటికి బ్రాంచి సిబ్బంది బట్టల మూట వచ్చేది. ఫ్యానున్న ఇంట్లో గాలి వాటాదారు మధ్యాహ్నం భోజనానంతరం వచ్చి మంచం మీద తన సగంలో పడుకునేవాడు. ఫోనైతే మాటల్లో సగం. రేవు పక్కింటి పిల్ల మొగుడు మస్కట్‌లో ఉంటాడు. అతను ఫోను చేస్తే కాసేపు పెళ్ళాం మాట్లాడి, కంపెనీ ప్రతినిధికి ఇవ్వాలి. ఆ ప్రతినిధి మొహమాటస్తుడు. ఏం మాట్లాడాలో తెలియక అక్కడ ఎండలెలా ఉన్నాయండీ అని అడిగేవాడు. కొన్నాళ్ళకి ఆ మస్కట్ మొగుడే ముందు ప్రతినిధికి ఇమ్మనడం మొదలెట్టాడు. పెళ్ళాం డబ్బు సంగతి అడుగుతుంది, ఇతను ఎండ సంగతి అడుగుతాడు.

ఐసుది వేరే గొడవ. వీరవేణి సగం ఐసు తీసి రోజూ మొదటి పంటుకి పంపేది. బ్రాంచికి నీళ్ళు చేరేవి. పంపింది ఐసు, అందింది నీళ్ళు అని స్టోరు గుమస్తా పుచ్చుకోనన్నాడు. విచారణాధికారి వచ్చి పంటు మీద అటూ ఇటూ తిరిగి, రవాణాలో ఆస్తి స్వభావం మారినదని తేల్చాడు. మారిన స్వభావాన్ని యథాస్థితికి తేవడానికి బ్రాంచిలో ఇంకో ఫ్రిజ్జు పెట్టారు. అందులో గడ్డకట్టించి ఐసుగా నమోదు చేసేవారు. వీరవేణి ముక్కలు పంపితే వీళ్ళు దిమ్మ చూపించేసరికి, ముక్కల్ని కలపడానికి ఎవరు అనుమతించారని ఆడిటు అడిగింది. దానికి జవాబు ఇంకా వెళ్ళలేదని విన్నాను.

వీరవేణికి మాత్రం అదంతా పట్టలేదు. మిగిలిన సగం ఐసుతోనే కొట్టు నిలబెట్టింది. పంటు దిగినవాళ్ళు చల్లటి మజ్జిగ తాగి గాని కదిలేవారు కాదు. వానాకాలానికి బియ్యం కొని అటక మీద పెట్టడం కూడా మొదలెట్టింది. అప్పుడు దూడ మాట వచ్చింది.

హెడ్డాఫీసు వాళ్ళు పుస్తకం పూర్తిగా చదివినట్టున్నారు. పాలికిచ్చిన ఆస్తికి ఈత ఉండాలి, అందులో సగం సంస్థకి రావాలి, మరి వీరవేణి ఫ్రిజ్జు ఎప్పుడు ఈనుతుంది అని బ్రాంచిని అడిగారు. ఫ్రిజ్జులు ఈనవు అని మార్కండేయులుగారు రాయొచ్చు. రాస్తే, అది తెలిసి పాలికెందుకిచ్చావు అంటారు. అందుకని ఆయన పరిశీలనలో ఉంది అని రాశాడు. పరిశీలించింది ఎవరు అని మళ్ళీ అడిగారు. దాంతో పశువుల డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

డాక్టరు పెద్దమనిషి. ఫ్రిజ్జు పక్కన నిలబడి దాని పొట్ట మీద చెయ్యి వేశాడు. వెనకాల చెవి పెట్టి విన్నాడు. ఇంతలో మోటారు ఆగి ఒక్కసారి గజగజలాడింది.

"ఎన్నాళ్ళనుంచి ఉంది ఈ వణుకు?"

"తెచ్చిన కాడ్నించీ అంతేనండి" అంది వీరవేణి.

"ఒళ్ళు చల్లగా ఉంది. గేదెకైతే భయపడాలి. దీనికి చెప్పలేను." ఇలా అని ఆయన, ప్రస్తుతం చూడి లేదు, వయసు చాలదు అని రాసిచ్చి, మజ్జిగ తాగి, డబ్బిచ్చి మరీ వెళ్ళాడు. కంపెనీ తరఫున వచ్చి డబ్బిచ్చినవాడు ఆయనొక్కడే.

వయసు చాలదంటే ఆగారు. ఎదిగాకైనా ఈనుతుందని హామీ ఇమ్మంటే డాక్టరు ఇవ్వలేదు. వెంటనే బ్రాంచి నుంచి కబురు. వీరవేణి ఫ్రిజ్జు గొడ్డుపోయిన ఆస్తి కింద నమోదైంది, స్వాధీనం చేసుకుంటాం.

అవతలి ఒడ్డు ఊళ్ళో అమ్మవారి తీర్థం, అదే జాతర, రేపనగా వాళ్ళు వచ్చారు. తీర్థం రోజున చుట్టుపక్కల లంకల జనమంతా మా రేవులోనే పంటెక్కాలి, ఇక్కడే దిగాలి. ఆ ఒక్క రోజు కొట్టు నడిస్తే అటక సగం నిండుతుంది. వీరవేణి ముందురోజే పెరుగు తోడుపెట్టుకుంది. ఫ్రిజ్జు నిండా కుండలే.

మార్కండేయులుగారు నలుగురు మనుషులతో వచ్చి అరుగు ముందు నిలబడి చదివాడు. ఫలించని ఆస్తిని క్షేత్రంలో కొనసాగించడం విధానానికి విరుద్ధం. గొడ్డుపోయినదాన్ని సంతలో అమ్మి చెరిసగం పంచుకోవాలి. అయితే అమ్మకానికి కమిటీ అనుమతి కావాలి. కమిటీ వానలు తగ్గాక కూర్చుంటుంది. అంతవరకు ఫ్రిజ్జు బ్రాంచిలో ఉంటుంది.

"రేపొక్క రోజు ఉంచండి. ఎల్లుండి నేనే పంటెక్కించి పంపుతాను" అంది వీరవేణి.

"తమ బాధ సంస్థ బాధ. బాధ చెరిసగం పంచుకుంటాం. ఆస్తి మాత్రం కదలాలి."

మంగాయమ్మ అప్పుడు లేచింది. వాళ్ళ పుస్తకం ఆవిడ చెప్పిందే కదా, అందులో మేకల సంగతి కూడా ఉంది, చదవమంది. సంతకి తోలడం కుదరకపోతే మందని అక్కడికక్కడే రెండు చేస్తారు. మేపినవాడు వాటాలు వెయ్యాలి, ఇచ్చినవాడు కోరుకోవాలి. మేపినవాడు ఒకటి పెద్దది చేస్తే ఇచ్చినవాడు అదే కోరుకుంటాడు కాబట్టి తేడా రాదు. మార్కండేయులుగారు పుటలు తిప్పి చూశాడు. ఉంది. హెడ్డాఫీసు ముద్రతో సహా ఉంది.

"ఫ్రిజ్జుకి ఇది వర్తిస్తుందా?" అని తనలో తనే అనుకున్నాడు. వర్తించదని ఎక్కడా లేదు.

వీరవేణి తన మొగుణ్ణి పంటు మీదనుంచి పిలిపించింది. కుండలు తీసి కింద పెట్టారు. అతను స్పానరుతో బందులు విప్పి, తలుపు ఊడదీసి గోడకి చేరేశాడు. వీరవేణి ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి ఫ్రిజ్జు మీద పెట్టింది.

"ఇదో వాటా. అదో వాటా. కోరుకోండి."

రేవులో జనమంతా అరుగు చుట్టూ మూగారు. ఆయన ఫ్రిజ్జు అంటే వీరవేణి వేసవి అక్కడితో సరి. ఎవరైనా ఫ్రిజ్జే అంటారు. సుమంత్ కూడా పాపం తల వంచుకుని నేల చూస్తున్నాడు. మార్కండేయులుగారు ముందు ఫ్రిజ్జు చుట్టూ తిరిగాడు. వెనక ఇనపగొట్టాలు, బూజు, కింద నీళ్ళ పళ్ళెం. తర్వాత తలుపు దగ్గరికొచ్చాడు. ఎర్రగా నిగనిగలాడుతోంది. మధ్యలో కంపెనీ గుర్తు, నవ్వుతున్న ఏనుగు. ఆయన ఫోను తీసి హెడ్డాఫీసుకి చేశాడు. ఇటువైపు మాటలే మాకు వినబడ్డాయి.

"రెండు వాటాలు సార్... ఒకటి డొక్క, ఒకటి తలుపు... లేదు సార్, డొక్క మీద ఏమీ లేదు... అవును సార్, ఏనుగు తలుపు మీదే ఉంది... అర్థమైంది సార్. ఏనుగు ఎక్కడుంటే సంస్థ అక్కడ."

ఫోను జేబులో పెట్టుకుని, కోటు సవరించుకుని, తలుపు అన్నాడు.

వీరవేణి మళ్ళీ అడగలేదు. నలుగురూ తలుపుని నాలుగు మూలలా పట్టుకుని పంటెక్కించారు. మార్కండేయులుగారు ఏనుగు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. మంగాయమ్మ చింతపండు చేతులతోనే దణ్ణం పెట్టింది.

సాయంత్రమయ్యేసరికి సంగతి తెలిసింది. బొంత కప్పారు, తడిగోనె వేలాడదీశారు. చలి మొత్తం అరుగు మీదికి వచ్చేస్తోంది. మోటారు ఆగకుండా రొప్పుతోంది. పైన ఐసు అరకి లోపల చిన్న రేకు మూత ఉంది కాబట్టి ఐసు ఇంకా ప్రాణంతో ఉంది. రేపు ఎండ ముదిరేదాకా ఉండదు. పిల్లలు మాత్రం ఫ్రిజ్జు ముందు పక్కలేసుకున్నారు. మజ్జిగ చిలికి పెట్టుకున్న వీరవేణి కుండల మధ్యన కూర్చుని ఉంది.

"తలుపు లేకపోతే అది బీరువా కూడా కాదు మావయ్యా" అంది.

నేను లేచాను. ఇంటికెళ్ళి పడుకున్నాను.

తెల్లారగానే మొదటి పంటెక్కి టౌనుకి వెళ్ళాను. బ్రాంచి షట్టరు తీస్తున్నారు. మార్కండేయులుగారి కుర్చీ వెనక తలుపు గోడకి ఆనించి ఉంది, ఏనుగు మెడలో బంతిపూల దండ. ఆయన దిగులుగా ఉన్నాడు. ఏ ఆస్తీ గోదాములో ఖాళీగా పడి ఉండరాదని హెడ్డాఫీసు నియమమట. తలుపు వచ్చి ఒక పూట అయిపోయిందట.

"ఆ తలుపు సగం పాలికి మేపుతాను" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. సాక్షిగారూ, తమరు ఇవాళ్టి నుంచి భాగస్వామిగారు అన్నాడు. కాగితం తెప్పించాడు. సుమంత్ సాక్షి. ఫలసాయం అన్న గడి దగ్గర కలం ఆగింది. తలుపుకి ఫలసాయం ఏమిటని నన్నే అడిగాడు.

"తీయడం, వేయడం."

"వాటాలు?"

"తీయడం మీది. వేయడం నాది."

ఆయన కళ్ళు మూసుకుని, గాలిలో చెయ్యి ఇటొకసారి అటొకసారి ఆడించి చూసుకున్నాడు. రెండూ సమానంగానే వచ్చినట్టున్నాయి. రాసుకున్నాడు. తీయడానికి త్వరలో ఒక అధికారిని వేస్తామన్నాడు.

దండ తీసి వాళ్ళకిచ్చేసి, తలుపు నెత్తిన పెట్టుకుని వచ్చే పంటెక్కాను. ఇవతలి ఒడ్డున వీరవేణి మొగుడు తాడు వేస్తూ నన్ను చూసి, స్పానరు తెచ్చాడు. బందులు బిగించాం. కుండలు లోపల పెట్టాం. నేను తలుపు వేశాను. మోటారు కాసేపటికి నిమ్మళించింది.

ఎండ ముదిరింది. తీర్థం జనంతో పంటు ఆనింది. ముందు దిగినవాడు చెమట తుడుచుకుంటూ చల్లగా ఉందా అని అడిగాడు. వీరవేణి తలుపు వైపు చూసి, నావైపు చూసింది. తీయవలసిన అధికారిని ఇంకా వెయ్యలేదు.

చూడనిదానికి సాక్ష్యం చెప్పక్కర్లేదు. నేను గోదారివైపు తిరిగి నిలబడ్డాను.